ఫ్లాట్‌లో ఎరువు బకెట్: వాసన, ఈగ, చుక్క నీరు బయటికి పోకుండా

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కర్నూలులో మూడో అంతస్తు ఫ్లాట్, ఇంట్లో నలుగురు, వంటింటి వెనక చిన్న యుటిలిటీ బాల్కనీ. రెండేళ్ళ కిందట ఎవరో టెర్రస్ మీద డ్రమ్ము పెట్టి చెత్త వేస్తే పురుగులు మెట్ల దాకా పాకాయి. అప్పటినుంచి టెర్రస్ మీద, వరండాల్లో ఎరువు డబ్బాలు కనిపిస్తే జరిమానా అని అసోసియేషన్ నోటీసు అంటించింది. ఎవరికీ ఇబ్బంది కలగకుండా, ఎవరి కంటా పడకుండా చేసుకోవచ్చా, మన ఎండలకు ఆగిపోతుందా, వానపాములు కొనాలా అని అడిగారు.

చేసుకోవచ్చమ్మా. నేను ఇదే ఊళ్ళో తొమ్మిదేళ్ళు రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉండి చేశాను, ఇప్పుడు సొంతింట్లో చేస్తున్నాను. ఫ్లాట్‌లో ఉన్నన్నాళ్ళూ నా మీద వచ్చిన ఫిర్యాదు ఒక్కటే, అదీ మొదటి ఏడాదే. బకెట్ అడుగున చిల్లులు పెట్టి కింద ఒక పళ్ళెం పెట్టాను. పుచ్చకాయల కాలం. తొక్కలన్నీ అందులో వేసి, పైన ఓ గుప్పెడు పొట్టు చల్లి సరిపెట్టాను. తెల్లారేసరికి పళ్ళెం నిండి, ఆ నల్లటి నీళ్ళు బాల్కనీ అంచు మీదుగా కింది ఫ్లాట్‌లో ఆరబెట్టిన సగ్గుబియ్యం వడియాల మీద పడ్డాయి. ఒక పెద్దావిడ రెండు రోజులు ఎండలో కూర్చుని పెట్టుకున్న వడియాలవి. వెళ్ళి క్షమించమని అడిగాను, మళ్ళీ పెట్టి ఇచ్చాను కూడా. కానీ ఆవిడ ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంటుంది. ఆ రోజు నుంచి నాకు ఒకటే నియమం: నా బకెట్ లోంచి వాసన బయటికి పోకూడదు, ఈగ పోకూడదు, చుక్క నీరు పోకూడదు. ఈ మూడూ ఆగితే మీ ఇంట్లో ఎరువు తయారవుతోందని పక్కింటికి తెలిసే దారే ఉండదు. డబ్బా ఎక్కడ పెట్టాలన్నది ఆ తర్వాతి సంగతి.

నోటీసు సంగతి ముందు చెప్తాను. టెర్రస్, వరండా, మెట్ల కింద చోటు అందరివీ. అక్కడ పెట్టొద్దంటే పెట్టొద్దు, అందులో వాదన లేదు. మీరు రాసినదాన్ని బట్టి మీ నోటీసు ఆ చోట్ల గురించే చెప్తోంది. మీ తలుపు లోపలి బాల్కనీ గురించి ఏం రాశారో ఒకసారి బైలాస్ (అసోసియేషన్ నియమావళి) తెప్పించుకుని చదవండి. అద్దె ఇల్లయితే ఓనరుకు ఒక మాట చెప్పండి. ఫ్లాట్ లోపల కూడా వద్దని స్పష్టంగా రాసి ఉంటే మాత్రం దొంగచాటుగా చేయమని నేను చెప్పను, సెక్రటరీని కలిసి మాట్లాడండి. మాట్లాడటానికి మీ చేతిలో ఆధారం ఉంది. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నియమాల నాటి నుంచి తడి, పొడి చెత్త వేరు చేసి ఇవ్వడం ప్రతి ఇంటి బాధ్యత. ఐదు వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తమ తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలని కూడా ఆ 2016 నియమాల్లో రాశారు. అయితే ఈ మాటను పోట్లాటకు వాడకండి. పురుగులు పాకిన మెట్లు వాళ్ళు కళ్ళారా చూశారు, వాళ్ళ భయం నిజమైన భయమే.

ఇక అసలు విషయం. కూరగాయల తొక్కల్లో నూటికి ఎనభై, తొంభై పాళ్ళు నీళ్ళే. అవి కుళ్ళేటప్పుడు కణాలు పగిలి ఆ నీళ్ళన్నీ బయటికి వస్తాయి. నీళ్ళు సందులన్నీ నింపేస్తే గాలి ఆడదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు అప్పుడు పని అందుకుంటాయి. వాటి వల్లే ఆ కుళ్ళిన కోడిగుడ్డు కంపు. గాలి ఆడితే వేరే సూక్ష్మజీవులు పనిచేస్తాయి, అప్పుడు వచ్చేది తొలకరికి తడిసిన మట్టి వాసన. కాబట్టి మనం చేయాల్సిందల్లా ఆ నీటిని పీల్చే, గాలికి సందు ఇచ్చే పొడి పదార్థం సరిపడా కలపడం. మా ఊళ్ళో రైతులు పెంటదిబ్బలో పేడతో పాటు ఎండు చొప్ప, కసువు పరిచేది ఇందుకే.

ఇంకో లెక్క కూడా ఉంది. సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి పాతిక, ముప్పై పాళ్ళ కర్బనం కావాలి. వంటింటి చెత్తలో అది పదిహేను, ఇరవైకి మించదు. ఎండుటాకుల్లో యాభై దాకా, రంపం పొట్టులో మూడు వందలకు పైనే ఉంటుంది. పొడి తక్కువైతే మిగిలిపోయిన నత్రజని అమ్మోనియాగా ఎగిరి ముక్కు మండుతుంది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోనవసరం లేదు, ఏ వాసన ఏం చెప్తోందో తెలిస్తే చాలు. కోడిగుడ్డు కంపు వస్తే నీళ్ళు ఎక్కువై గాలి తగ్గింది, పొడి వేసి కలపండి. ముక్కు మండితే పచ్చి సరుకు ఎక్కువైంది, అప్పుడూ పొడే వేయండి. ఏ వాసనా లేకుండా, నెల గడిచినా తొక్కలు తొక్కల్లాగే ఉంటే ఎండిపోయింది, నీళ్ళు చల్లండి.

చాలామంది బకెట్ కొంటారు, పొట్టు మాత్రం ఉన్నప్పుడు చూద్దాంలే అనుకుంటారు. అక్కడే చెడుతుంది. ముందు ఒక గోనెసంచి నిండా పొడి సరుకు ఇంట్లోకి వచ్చాకే మొదటి తొక్క బకెట్లో వేయండి. మన ఊళ్ళో ఇది దొరకడం కష్టం కాదు. కట్టెల కోత మిషన్ దగ్గర అడిగితే రంపం పొట్టు సంచికెత్తి ఇస్తారు. అయితే కలప కోసినదే తీసుకోండి, ప్లైవుడ్ కోసిన పొట్టులో జిగురు ఉంటుంది. నర్సరీలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుకలు దొరుకుతాయి. కోకోపీట్ తన బరువుకు ఏడెనిమిది రెట్లు నీళ్ళు పీలుస్తుంది, అందుకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళకు నేను మొదట దాన్నే చెప్తాను. ఇటుకను తడిపితే పొడిపొడిగా విడిపోతుంది, దాన్ని మళ్ళీ ఎండలో బాగా ఆరబెట్టి డబ్బాలో పోసుకోండి. తడిగా ఉన్నదాన్నే వాడితే అది ఇంకేం పీలుస్తుంది? బుడ్డల (వేరుశనగ) పొట్టు మన దగ్గర కావలసినంత. అది త్వరగా చివకదు గానీ సందులు చేస్తుంది, గాలి ఆడుతుంది. నేను రంపం పొట్టు, కోకోపీట్ సగం సగం తీసుకుని అందులో నలిపిన బుడ్డల పొట్టు రెండు గుప్పిళ్ళు కలుపుతాను. కానుగ, వేప ఆకులు రాలే కాలంలో వాచ్‌మన్‌ను అడిగితే అపార్ట్‌మెంట్ ముందు ఊడ్చిన ఆకులే సంచి నిండా ఇస్తాడు. ఒట్టి వేపాకే కాకుండా నాలుగు రకాలు కలిసేలా చూడండి. ఉల్లిగడ్డల పొరలు కూడా పొడి సరుకే. అవి మన ఇళ్ళలో తక్కువేం కాదు.

బకెట్‌కు ఖర్చు పెట్టొద్దు. ఇరవై లీటర్ల పెయింట్ బకెట్లు మూతలతో సహా మూడు సంపాదించండి, తెల్లవైతే మేలు. రెండింటికి అడుగున పది పన్నెండు చిన్న చిల్లులు, మూతకు దగ్గరగా చుట్టూ మరో పది చిల్లులు పెట్టండి. పై చిల్లులకు లోపలి వైపు నుంచి దోమల మెష్ ముక్కలు అంటించండి. మూడో బకెట్‌కు చిల్లులు వద్దు, అది అడుగున ఉంటుంది. చిల్లుల బకెట్‌ను దానిలో దించండి. మెష్ పెట్టిన పై చిల్లులు మూసుకుపోకుండా బయటే ఉండాలి, బకెట్ మరీ కిందికి దిగితే లోపల ఒక ఇటుక పెట్టి ఎత్తు చేయండి. కారే నీళ్ళన్నీ లోపలే ఆగుతాయి. పళ్ళెం పెట్టి నేను చేసిన తప్పు మీరు చేయకండి. చిల్లుల బకెట్ అడుగున అట్టపెట్టె ముక్కలు, వాటి మీద నాలుగు వేళ్ళ మందాన పొట్టు, దాని మీద పాత ఎరువో ఎండిన పేడ పొడో రెండు గుప్పిళ్ళు వేస్తే పని మొదలైనట్టే. పుల్లమజ్జిగ చల్లమని చాలామంది చెప్తారు, చల్లినా నష్టం లేదు, కానీ పేడో పాత ఎరువో ఉంటే దాని అవసరం లేదు. కొన్న పౌడర్ల అవసరమూ లేదు.

రోజూ పని ఐదు నిమిషాలే. వంటింట్లో తొక్కలను జల్లెడ గిన్నెలో వేయండి, సాయంత్రానికి నీళ్ళు దిగిపోతాయి. అంగుళం ముక్కలుగా కోయండి. గోంగూర కాడలు, కాలీఫ్లవర్ మొదళ్ళు, అరటి తొక్కలు కోయకుండా వేస్తే నెలల తరబడి అలాగే పడి ఉంటాయి. రాత్రి ఒక్కసారే బకెట్ తెరవండి. ఒక గిన్నె తొక్కలకు ఒక గిన్నె నిండా పొట్టు, ఎండుటాకులైతే రెండు గిన్నెలు. సగం పొట్టు తొక్కల్లో కలిపి, మిగతా సగం పైన దుప్పటిలా పరవండి. పైనుంచి చూస్తే ఒక్క తొక్క కూడా కనపడకూడదు. తొక్క కనిపిస్తోందంటే ఈగకూ కనిపిస్తుంది. మా నలుగురి ఇంట్లో ఒక బకెట్ మూడు వారాలు వచ్చేది, ఎందుకంటే వేసింది వేసినట్టు ఉండదు, రోజురోజుకూ కుంగిపోతుంది. నిండాక మూత పెట్టి పక్కన ఉంచి రెండో బకెట్ మొదలుపెట్టండి. పక్కన పెట్టినదాన్ని వారానికోసారి ఒక చిన్న తాపీతో అడుగు నుంచి కదపాలి. కదిపేటప్పుడే కొంచెం వాసన లేస్తుంది, అందుకని ముందు పైన రెండు గుప్పిళ్ళు పొట్టు వేసి, ఆ తర్వాత కదపండి. పక్కవాళ్ళు బట్టలు ఆరేసుకునే వేళలో, భోజనాల వేళలో ఆ పని పెట్టుకోకండి.

ఏం వేయాలి, ఏం వద్దు అన్నదానికి పెద్ద జాబితా అక్కర్లేదు. మాంసం, చేపలు, ఎముకలు, నూనె, మిగిలిపోయిన పులుసు, పెరుగు, పాలు ఫ్లాట్‌లో వద్దే వద్దు. అవి కార్పొరేషన్ బండికి ఇచ్చేయండి, అన్నీ మన బకెట్లోనే పడాలన్న పంతం వద్దు. గుప్పెడు అన్నమో, రొట్టె ముక్కో అయితే పొట్టులో బాగా కలిపి వేయొచ్చు. పాలు పోసి కాచిన టీ పొడిని కడిగి వేయండి. చీనీ (బత్తాయి), నిమ్మ తొక్కలు సన్నగా కోసి కొంచెం కొంచెంగా. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు చాలాకాలం దాకా చివకవు. పూజ పూలు దారం తీసేసి వేయొచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఒక మాట: ఎంగిలి కలిసిన ఎరువు తులసికి వేయడం మా అత్తగారికి నచ్చేది కాదు. అందుకని పళ్ళేల్లో మిగిలిన ఎంగిలి ఏదీ నేను బకెట్లో వేయలేదు. మీ ఇంట్లోనూ ముందే అడిగి తెలుసుకోండి. బకెట్‌ను తులసి కోట పక్కన పెట్టకండి. ఇంట్లోవాళ్ళకే ఇష్టం లేని పని ఎక్కువ రోజులు సాగదు.

వాసన వచ్చిందని కంగారుపడి సున్నం చల్లకండి. సున్నం క్షారం, లోపలున్న నత్రజనిని అమ్మోనియాగా తోలేస్తుంది, వాసన ఇంకా పెరుగుతుంది. కట్టెల బూడిద కూడా చిటికెడు మించొద్దు. ఫినాయిల్, బ్లీచింగ్ వేస్తే మీ పని చేసిపెట్టే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. అన్నింటికీ మందు ఆ పొట్టే.

పురుగుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ అపార్ట్‌మెంట్‌లో గొడవ దానితోనే మొదలైంది. మీరు రాసిన వర్ణన బట్టి మెట్ల దాకా పాకినవి నల్ల సైనిక ఈగ పిల్లలు, అంటే బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగులు అయి ఉంటాయి. బియ్యపు గింజ నుంచి చిటికెన వేలి గోరు పొడవు దాటి పెరుగుతాయి, చెత్తను చాలా వేగంగా తింటాయి. పెద్ద ఈగలు కుట్టవు, ఇంటి ఈగల్లా మన అన్నం మీద వాలవు. పొలంలో ఉంటే నేను వాటిని చూసి సంతోషిస్తాను. ఫ్లాట్‌లో చిక్కు ఏమిటంటే, ఎదిగిన పురుగు ముదురు గోధుమ రంగుకు తిరిగాక పొడిగా, చీకటిగా ఉండే చోటు వెతుక్కుంటూ తడిలోంచి బయటికి పాకుతుంది. డ్రమ్ము మూత సరిగ్గా లేకపోతే గోడ ఎక్కి, తలుపు సందుల్లోంచి పక్కింటికి పోతుంది. చూసినవాళ్ళు భయపడరా మరి! అవి రాకుండా ఉండాలంటే పైన రెండంగుళాల పొట్టు ఎప్పుడూ ఉండాలి, మెష్ చిరగకూడదు, మూత బిగుతుగా ఉండాలి. ఈగ గుడ్లు పెట్టేది బకెట్ అంచుల దగ్గర, మూత సందుల్లో. వారానికోసారి ఆ అంచు తడిగుడ్డతో తుడవండి. వచ్చేశాయంటే సరుకు తడిసిపోయిందని అర్థం, పొట్టు బాగా కలిపి, పిడికెడు వేపపిండి (వేపగింజల చెక్క పొడి) చల్లి, మూత వారం పాటు రాత్రి ఒక్కసారి తప్ప తెరవకండి. మామిడిపళ్ళ కాలంలో వచ్చే సన్న ఈగలకు మాత్రం తొక్కలను ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి వేయడం నేను చూసినంతలో బాగా పనిచేసింది.

ఎండాకాలం ఆగిపోతుందా అన్నారు. మన దగ్గర ఏప్రిల్, మేలలో నలభై దాటిన ఎండకు బకెట్ కుళ్ళడం కంటే ఎండిపోవడమే ఎక్కువ. బయట ఊళ్ళవాళ్ళు రాసిన సలహాలు మనకు పూర్తిగా పనికిరానిది ఇక్కడే. వాళ్ళంతా తేమ తగ్గించమంటారు, మనం వేసవిలో తేమ నిలపాలి. పిడికెడు తీసి గట్టిగా పిండితే చేతికి తడి తగలాలి, ఒకటి రెండు చుక్కలు రాలినా సరే. ధారగా కారితే ఎక్కువ, పొడిపొడిగా రాలిపోతే తక్కువ. చీమలు పట్టాయంటే ఎండిపోయిందని గుర్తు. గోరువెచ్చని బియ్యం కడిగిన నీళ్ళు అర గ్లాసు చల్లి కదపండి. పడమటి ఎండ తగిలే చోట బకెట్ పెట్టకండి, మీ యుటిలిటీలో వాషింగ్ మెషిన్ పక్కన నీడ ఉంటే అక్కడ పెట్టండి. తడిపిన గోనెపట్టా చుట్టితే ఇంకా మంచిది. మట్టి కుండల కంపోస్టర్లు చూడటానికి అందంగా ఉంటాయి, వానాకాలంలో వాటికి తిరుగులేదు. కానీ మన వేసవిలో కుండ గోడలగుండా తేమంతా ఆవిరైపోతుంది. కాగులో నీళ్ళు చల్లబడేది ఎందుకో అదే ఇక్కడా జరుగుతుంది. రోజూ నీళ్ళు చల్లే ఓపిక ఉంటేనే కొనండి.

వానపాములు కొనకండి. ఎర్ర వానపాములకు పాతిక డిగ్రీల లోపు హాయి, ముప్పై అయిదు దాటితే చచ్చిపోతాయి. మన బాల్కనీలో మే నెలలో వాటిని బతికించడం చాలా కష్టం, పాపం కూడా. బొకాషి పద్ధతి, అంటే గాలి చొరని డబ్బాలో సూక్ష్మజీవులు పట్టించిన తవుడు వేసి ఊరబెట్టడం, వాసన విషయంలో మంచిదే, పచ్చడి పులిసిన వాసన తప్ప ఉండదు. కానీ రెండు వారాలు ఊరాక దాన్ని మళ్ళీ మట్టిలో కప్పిపెట్టాలి. మట్టి కుండీలు లేకుండా అది పూర్తికాదు.

ఇక ఎవరి కంటా పడకుండా అన్నారు కాబట్టి, అసలు డబ్బానే లేని పద్ధతి ఒకటి చెప్తాను. పద్నాలుగు అంగుళాల కుండీలు నాలుగైదు పెట్టుకుని, వాటిలో సగానికి పైగా పాత మట్టి నింపండి. ఒక కుండీలో చిన్న గుంట తీసి రెండు గుప్పిళ్ళ సన్నటి తొక్కలు, అంతే పొట్టు కలిపి వేసి, మూడంగుళాల మట్టి కప్పేయండి. మర్నాడు రెండో కుండీ. ఇలా తిప్పుకుంటూ పోతే మొదటిదాని వంతు మళ్ళీ వచ్చేసరికి అందులోది మెత్తబడి ఉంటుంది. చూసేవాళ్ళకు అవి మట్టి కుండీలే. నింపడం ఆపాక రెండు నెలలు వదిలేసి అప్పుడు మొక్క పెట్టండి, ముందే పెడితే వేళ్ళు దెబ్బతింటాయి. తడి మట్టి కుండీ ఒక్కొక్కటి ఇరవై కిలోలు దాటుతుంది, అందుకని గ్రిల్ మీద కాకుండా గోడ వారగా నేల మీదే ఉంచండి. నలుగురి చెత్త మొత్తం వీటికి సరిపోదు గానీ, బకెట్‌కు తోడుగా చాలా బాగుంటుంది.

కింది బకెట్లో చేరిన నీళ్ళను రెండు రోజులకోసారి తీసేయండి. వాసన లేకపోతే ఒక పాలుకు పది పాళ్ళ నీళ్ళు కలిపి కుండీల మట్టికి పోయండి, కంపు ఉంటే బాత్రూంలో పారబోయండి. ఊరికి వెళ్ళేటప్పుడు బకెట్‌ను ఖాళీ చేయకండి, పైన మూడంగుళాల పొట్టు వేసి మూత బిగించి వెళ్తే పది రోజులైనా ఏమీ కాదు.

పక్కన పెట్టిన బకెట్ మన వేడికి నెలన్నర, రెండు నెలల్లో తయారవుతుంది. మీకు బకెట్ మూడు వారాల్లోనే నిండితే మధ్యలో ఇంకో చిల్లుల బకెట్ చేర్చుకోవలసి వస్తుంది, లేదా సగం మాగినదాన్ని ఆ మట్టి కుండీల్లోకి మార్చేయొచ్చు. తయారైందో లేదో చూడటానికి గుప్పెడు తీసి తడిపి కవర్లో కట్టి మూడు రోజులు ఉంచండి. విప్పినప్పుడు మట్టి వాసన వస్తే సరే, పులుపు కంపు వస్తే ఇంకో రెండు వారాలు ఆగాలి. అందులో నాలుగు మెంతులు చల్లి మొలుస్తాయేమో చూసినా తెలుస్తుంది. టమాటా గింజలు వాటంతట అవే మొలిస్తే భయపడకండి. చిన్న బకెట్ గింజ చచ్చేంత వేడెక్కదు.

మొదటి ఎరువు చేతికొచ్చాక కొంచెం కింది ఫ్లాట్‌వాళ్ళ కరివేపాకు కుండీకి ఇవ్వండి, ఎక్కడిదని అడిగితే చెప్పండి. మూడు నెలలు పక్కనే ఉన్నా వాళ్ళకు ఏ వాసనా తెలియలేదంటే, సెక్రటరీ దగ్గర మీ తరఫున ముందు మాట్లాడేది వాళ్ళే అవుతారు. నా విషయంలో ఆ వడియాల పెద్దావిడే మాట్లాడింది. ఎరువును ఇసుక జల్లెడతో జల్లించి, పైన మిగిలిన తుక్కును పారేయకండి. చివకని ఆ కాడల్లో సూక్ష్మజీవులు నిండుగా ఉంటాయి, కొత్త బకెట్ అడుగున పేడ పొడికి బదులు దాన్నే వేయండి.